చేతిలో నాలుగు సెంటీమీటర్లు, ప్యాడ్ దగ్గర ఒక్క మిల్లీమీటరు: రోడ్డు సైకిలు డిస్క్ బ్రేకు సర్దుబాటు

అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగే ఘాట్ రోడ్డులో, కాఫీ తోటలు దాటాక ఒక మలుపు దగ్గర నా సైకిలు ముందు బ్రేకు పనిచేయడం మానేసింది. వైరు తెగలేదు. లివర్ హ్యాండిల్‌కు ఆనుకోలేదు. నొక్కితే చేతికి గట్టిగానే తగిలింది. వేగం మాత్రం తగ్గలేదు. వెనక బ్రేకు బాగుంది, ఆ మలుపూ కాస్త వెడల్పుగా ఉంది కాబట్టి సైకిలును పక్కకు తీసి ఆపగలిగాను.

దానికి వారం ముందు ఆ బ్రేకు వదులైందనిపించి నేనే బిగించాను. కేబుల్ కాలిపర్‌లోకి చేరే చోట వేళ్లతో తిప్పే చిన్న అడ్జస్టర్ మర ఉంటుంది. దాన్ని నాలుగైదు చుట్లు బయటికి తిప్పాను. లివర్ మళ్లీ కొత్త సైకిలుదిలా గట్టిపడింది. అది గట్టిపడితే బ్రేకు బాగుపడిందనే అనుకున్నాను. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, మీటల సూత్రాన్ని నల్లబల్ల మీద ఎన్నోసార్లు వివరించిన మనిషిని. సొంత సైకిలు దగ్గర మాత్రం అది గుర్తు రాలేదు.

కేబుల్‌తో నడిచే డిస్క్ బ్రేకును ఎలా అమర్చాలో, ఎక్కడ తిప్పాలో, ఎక్కడ తిప్పకూడదో ఈ వ్యాసంలో చూద్దాం. ముందుగా ఒక చిన్న లెక్క చేస్తే, ఆ తర్వాత చెప్పే పనులన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

ఇరుసు దగ్గర పట్టి ఆపడం

పాత సైకిళ్లలో రబ్బరు బ్రేకు చక్రం అంచును, అంటే రిమ్మును పట్టుకుంటుంది. డిస్క్ బ్రేకు ఇరుసుకు బిగించిన పలుచని ఉక్కు పళ్లేన్ని, అంటే రోటర్‌ను పట్టుకుంటుంది. తలుపును గడియ దగ్గర ఆపడానికీ బందు దగ్గర ఆపడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. ఇరుసుకు దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ బలం కావాలి.

మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుందాం. గురుత్వ త్వరణంలో సగం రేటుతో, అంటే కాస్త గట్టిగానే, వేగం తగ్గించాలంటే రోడ్డు మీద టైరు దగ్గర సుమారు 415 న్యూటన్ల బలం వెనక్కు లాగాలి. చక్రం వ్యాసార్ధం సుమారు 340 మిల్లీమీటర్లు. 160 మి.మీ. రోటర్ మీద ప్యాడ్లు పట్టే చోటు ఇరుసు నుంచి సుమారు 73 మి.మీ. దూరంలో ఉంటుంది. కాబట్టి రోటర్ దగ్గర కావలసిన రాపిడి బలం 415 కాదు, దానికి నాలుగున్నర రెట్లకు పైగా, దాదాపు 1,940 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.4 అనుకుని, రోటర్‌కు రెండు వైపులా ప్యాడ్లున్నాయి కాబట్టి రెండింటికీ పంచితే, ఒక్కో ప్యాడ్ రోటర్‌ను సుమారు 2,400 న్యూటన్లతో నొక్కాలి. మనకు అలవాటైన మాటల్లో చెప్పాలంటే 240 కిలోల బరువు మోపినట్టు. ఇదే పని రిమ్ము దగ్గర చేస్తే ఇందులో నాలుగో వంతు చాలు.

ఈ 2,400 న్యూటన్లు మన రెండు వేళ్ల నుంచే రావాలి. వేళ్లు సుఖంగా ఇవ్వగలిగేది అరవై, డెబ్బై న్యూటన్లు. అంటే బలాన్ని నలభై రెట్లు పెంచాలి. మీట ఏదైనా బలాన్ని ఊరికే పెంచదు, బదులుగా దూరాన్ని తీసుకుంటుంది. వేలి దగ్గర లివర్ 40 మి.మీ. కదిలితే కేబుల్ ఓ 10 మి.మీ. కదులుతుందనీ, కాలిపర్‌లో ప్యాడ్ 1 మి.మీ. కదులుతుందనీ అనుకోండి. అంకెలు ఒక్కో బ్రేకుకు కొంచెం మారతాయి గానీ స్థాయి ఇదే. పైగా ఇది నష్టం లేని లెక్క. నిజంగా అయితే కేబుల్ రాపిడిలోనే కొంత పోతుంది.

కనుక మన చేతిలో ఉన్నది మొత్తం ఒక్క మిల్లీమీటరు. ప్యాడ్‌కూ రోటర్‌కూ మధ్య ఖాళీ దాటడానికి అందులో కొంత, రోటర్ వంగితే దానికి కొంత, కేబుల్ సాగితే, ఔటర్ నలిగితే వాటికి కొంత ఖర్చవుతాయి. మిగిలినదే బ్రేకు. సర్దుబాటు అనే పనంతా ఈ ఖర్చులను తగ్గించడమే.

మోటారు సైకిలుకు లేని బాధ

డిస్క్ బ్రేకు ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే కారు కోసం దానికి పేటెంటు తీసుకున్నాడు. రోడ్డు సైకిలు పందేల్లో మాత్రం ప్రయోగాలు, వాదోపవాదాలు అన్నీ అయ్యాక 2018 జూలై 1 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య వీటిని పూర్తిగా అనుమతించింది. మన వీధుల్లో మోటారు సైకిళ్లకు ఇవి ఎప్పటి నుంచో మామూలే. అయితే మోటారు సైకిలు డిస్క్ బ్రేకును ఎవరూ రోజూ సర్దరు కదా, సైకిలుకే ఎందుకు ఈ తంటా?

మోటారు సైకిలులో లివర్‌కూ ప్యాడ్‌కూ మధ్య బ్రేకు ద్రవం ఉంటుంది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు వలయం బ్రేకు వేసినప్పుడు కొద్దిగా మెలిపడి, వదలగానే పిస్టన్‌ను అంతే దూరం వెనక్కు లాగుతుంది. ప్యాడ్ అరిగినప్పుడు పిస్టన్ ఆ వలయంలోంచి కాస్త ముందుకు జారి అక్కడే కుదురుకుంటుంది. ఖాళీ అయిన చోటును ట్యాంకులోని ద్రవం నింపుతుంది. ప్యాడ్ ఎంత అరిగినా మధ్య ఖాళీ ఒకేలా ఉంటుంది. ఖరీదైన సైకిళ్లలోనూ ఈ హైడ్రాలిక్ ఏర్పాటే ఉంది.

కేబుల్ బ్రేకులో ఆ పని చేసే వలయం లేదు. అరిగిన ప్రతి పొరకూ మనమే లెక్క సరిచేయాలి. అందుకు బదులుగా దొరికేది సరళత. వైరు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ద్రవం మార్చే పని లేదు, రెండు అలెన్ కీలుంటే దారి పక్కనే బాగుచేసుకోవచ్చు. ఒంటరిగా దూరాలు తొక్కేవాళ్లు ఇప్పటికీ వీటిని ఇష్టపడేది అందుకే. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

కాలిపర్ లోపల

కాలిపర్ పక్కన ఒక చిన్న ఆర్మ్ ఉంటుంది. కేబుల్ దాన్ని లాగితే అది తిరుగుతుంది. లోపల వాలుగా చెక్కిన గాడుల్లో ఉక్కు గుళ్లుంటాయి. ఆర్మ్ తిరిగినప్పుడు గుళ్లు ఆ వాలు ఎక్కుతూ ప్యాడ్‌ను రోటర్ వైపు నెడతాయి. మర తిప్పితే బోల్టు ముందుకు జరిగినట్టే.

చాలా కాలిపర్లలో ఇలా కదిలేది బయటి వైపు ప్యాడ్ ఒక్కటే. స్పోకుల వైపు ఉన్న రెండో ప్యాడ్ కదలదు. కదిలే ప్యాడ్ వచ్చి రోటర్‌ను తాకి, దాన్ని కాస్త వంచి, కదలని ప్యాడ్‌కు ఆనించినప్పుడే పట్టు మొదలవుతుంది. పేరున్న ఆవిడ్ బీబీ7 ఈ రకమే. టీఆర్‌పీ స్పైర్ లాంటి కొన్నింటిలో మాత్రం రెండు ప్యాడ్లూ కదులుతాయి. మీ సైకిలుది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. లివర్‌ను మెల్లగా నొక్కుతూ కాలిపర్ చీలికలోకి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది.

ఇక నా బ్రేకుకు ఏమైందో చెప్పవచ్చు. ఆ ఆర్మ్ ఎంతైనా తిరగగలిగేది కొంత మేరకే. ఆ తర్వాత అది కాలిపర్ ఒంటికి తగిలి ఆగిపోతుంది. ప్యాడ్లు అరిగాక నేను కేబుల్‌ను బిగించినప్పుడు నిజానికి చేసింది ఏమిటంటే, బ్రేకు వేయకముందే ఆర్మ్‌ను సగం దాకా తిప్పి పెట్టడం. వారంలో ప్యాడ్లు ఇంకాస్త అరిగాయి. ఘాట్‌లో లివర్ నొక్కగానే ఆర్మ్ మిగిలిన కొద్ది దూరం తిరిగి, ప్యాడ్లు రోటర్‌ను పైపైన తాకే వేళకు చివరికి వెళ్లి ఆగింది. చేతికి తగిలిన గట్టిదనం ప్యాడ్లు రోటర్‌ను పట్టడం వల్ల వచ్చింది కాదు, లోహానికి లోహం అడ్డుపడటం వల్ల వచ్చింది. చేతికి ఈ రెండింటి తేడా తెలియదు.

దీనికి తోడు, కేబుల్ ఆర్మ్‌ను లంబంగా లాగినప్పుడు దాని తిప్పే బలం ఎక్కువ. గట్టిగా పట్టాల్సిన వేళకు ఆర్మ్ ఆ కోణం దగ్గర ఉండేలా కాలిపర్‌ను రూపొందిస్తారు. ముందే తిప్పి పెడితే ఆ లాభమూ పోతుంది.

కాబట్టి ప్యాడ్ అరుగుదలను ప్యాడ్ దగ్గరే సరిచేయాలి. కాలిపర్ మీద ప్యాడ్లను లోపలికి జరిపే మరలు అందుకే ఉన్నాయి. అడ్జస్టర్ మర ఉన్నది కేబుల్ వదులును తీయడానికి మాత్రమే.

అమర్చే పద్ధతి

మొదట చక్రం తన గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. పంక్చరు వేసి తిరిగి పెట్టినప్పుడు చక్రం ఒక్క వెంట్రుకవాసి వంకరగా ఉన్నా, మీరు ఎంత సర్దినా వృథా. తర్వాత చక్రాన్ని తిప్పి, చీలిక వెనక తెల్ల కాగితం పెట్టి రోటర్ ఒక చోట అటూ ఇటూ ఊగుతోందేమో గమనించండి. ఊగుతుంటే ముందు దాన్ని సరిచేయించాలి. లేకపోతే ఆ ఊపు కోసమే ఖాళీ ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. తిరిగే రోటర్ దగ్గరికి వేలు తీసుకెళ్లవద్దు. ఆ రంధ్రాల అంచులు వేలిని కత్తిలా కోస్తాయి.

రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవండి. గొలుసుకు కొట్టే స్ప్రే దీని మీద ఒక్క తుంపర పడినా ప్యాడ్లు నూనె పీల్చుకుని పనికిరాకుండా పోతాయి. పనిలో పనిగా ప్యాడ్లను బయటికి తీసి చూడండి. రాపిడి పొర అర మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చాల్సిందే. నేను ఒక మిల్లీమీటరు దగ్గరే మారుస్తాను, ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే ఇంకా ముందే.

తర్వాత కేబుల్. ఎక్కువమంది పట్టించుకోని భాగం ఇదే. మామూలు బ్రేకు ఔటర్ లోపల చుట్టలు చుట్టిన తీగ ఉంటుంది, స్ప్రింగు లాగా. లివర్ నొక్కినప్పుడు ఆ చుట్టలు ఒకదానికొకటి దగ్గరవుతాయి, ఔటర్ పొట్టిదవుతుంది, మన 10 మిల్లీమీటర్లలో కొంత అక్కడే పోతుంది. వెనక బ్రేకుకు ఔటర్ పొడవు, వంపులు ఎక్కువ కాబట్టి అది ఎప్పుడూ మెత్తగా అనిపిస్తుంది. దీనికి మందు, తీగలు నిలువుగా పరచి పైన గట్టి అల్లికతో బిగించిన, నలగని రకం ఔటర్. బ్రేకు కోసమే తయారుచేసినదై ఉండాలి. గేర్ల ఔటర్‌లోనూ తీగలు నిలువుగానే ఉంటాయి గదా అని దాన్ని బ్రేకుకు వేయకూడదు. బ్రేకు లాగుడుకు అది చిట్లిపోతుంది. ఔటర్‌ను కోశాక కొనను ఆకురాయితో చదును చేయండి. వంకర కొన ప్రతి నొక్కుడుకూ కొంచెం కుంగుతుంది.

ఇప్పుడు కాలిపర్. కేబుల్ పట్టిన బోల్టును వదులు చేసి ఆర్మ్‌ను పూర్తిగా విశ్రాంతి స్థానానికి రానివ్వండి. అడ్జస్టర్ మరను పూర్తిగా లోపలికి బిగించి, ఒకటి రెండు చుట్లు వెనక్కు తిప్పండి. తర్వాత పనికి అది కాస్త మిగిలి ఉండాలి. కాలిపర్‌ను ఫ్రేముకు పట్టిన రెండు బోల్టులను అది పక్కలకు జరిగేంత వదులు చేయండి.

రెండు వైపులా సర్దుబాటు మరలున్న కాలిపర్ అయితే, ఆ రెండు మరలనూ తిప్పుతూ ప్యాడ్ల మధ్య రోటర్‌ను వంచకుండా బిగించి పట్టించండి. వదులుగా ఉన్న కాలిపర్ దానంతట అదే రోటర్‌కు సమాంతరంగా వచ్చి కూర్చుంటుంది. అలా ఉండగానే రెండు బోల్టులనూ కొంచెం ఇది, కొంచెం అది అన్నట్టు మార్చి మార్చి బిగించండి. ఒకదాన్నే చివరిదాకా బిగిస్తే కాలిపర్ మెలి తిరుగుతుంది. సాధారణంగా ఈ బోల్టులకు 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల బిగింపు సూచిస్తారు. మీ కాలిపర్ పత్రంలో ఉన్న అంకెనే పాటించండి.

బిగించాక ముందు కదలని ప్యాడ్‌ను వెనక్కు తిప్పండి, రోటర్‌కు రాసుకోకుండా ఉండేంత మాత్రమే. ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు అనుకోండి. తర్వాత కదిలే ప్యాడ్‌ను దానికంటే కాస్త ఎక్కువ వెనక్కు తీయండి. రెండు వైపులా సమానంగా ఖాళీ ఉంటేనే అందం అని చాలామంది రోటర్‌ను సరిగ్గా నడుమ నిలుపుతారు. ఒక ప్యాడ్ మాత్రమే కదిలే బ్రేకులో అది పొరపాటు. కదలని ప్యాడ్ ఎంత దూరంగా ఉంటే రోటర్ అంత ఎక్కువ వంగాలి. వంగడానికయ్యే బలం, దూరం రెండూ మన మిల్లీమీటరులోంచే పోతాయి. రెండు ప్యాడ్లూ కదిలే రకానికైతే నడుమ నిలపడమే సరైనది.

కదిలే వైపు సర్దుబాటు మర లేని కాలిపర్లూ ఉన్నాయి. వాటిలో కదలని ప్యాడ్‌ను లోపలికి తెచ్చి, అవసరమైతే కాలిపర్‌ను పక్కకు జరిపి, మిగిలిన కాస్త ఖాళీని మాత్రమే కేబుల్‌తో తీయాలి. ఆర్మ్ ఎంత ముందుకు వచ్చిందో చూసుకుంటూ ఉండాలి.

ఆపైన కేబుల్‌ను కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా లాగి వదులు పోయాక బోల్టు బిగించండి. ఆర్మ్ తన చోటు నుంచి కదలకూడదు. లివర్‌ను ఓ పదిసార్లు గట్టిగా నొక్కండి. ఔటర్ కొనలు తమ తమ గూళ్లలో కుదురుకుని కేబుల్ మళ్లీ కొంచెం వదులవుతుంది. ఆ వదులును తీయడం అడ్జస్టర్ మర పని. చివరగా లివర్‌ను పూర్తిగా నొక్కి పట్టి ఆర్మ్‌ను చూడండి. ఆర్మ్‌కూ అది ఆగే చోటుకూ మధ్య ఇంకా ఖాళీ కనిపించాలి. నేను వారం ముందు చూడనిది ఇదే. చూడటానికి పది సెకన్లు పడుతుంది.

మరో మాట. పాత మౌంటెన్ సైకిలు కాలిపర్‌ను తెచ్చి రోడ్డు సైకిలుకు తగిలించే ముందు ఆలోచించండి. వంపు హ్యాండిల్ లివర్లు తక్కువ కేబుల్ లాగుతాయి. తిన్నని హ్యాండిల్ లివర్లు ఎక్కువ లాగుతాయి. కాలిపర్లు కూడా దానికి తగ్గట్టే రెండు రకాలు. జోడీ తప్పితే, ఎంత బాగా సర్దినా ప్యాడ్ చేరకముందే లివర్ హ్యాండిల్‌ను తాకుతుంది.

వేడి, కొత్త ప్యాడ్లు, వాన

కొత్త ప్యాడ్లు మొదటి రోజు సరిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద 20, 25 కిలోమీటర్ల వేగానికి వెళ్లి, చక్రం బిగుసుకుపోకుండా నడక వేగానికి తగ్గించండి. ఇలా ముందు బ్రేకుతో ఇరవై సార్లు, వెనక దానితో ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ పదార్థం పలుచని పొరగా రోటర్ మీద అంటుకుంటుంది. పట్టు ఆ పొర నుంచే వస్తుంది. ఇది చేయకుండా నేరుగా ఘాట్‌లో దిగితే ఆ పొర మచ్చలు మచ్చలుగా ఏర్పడి బ్రేకు కీచుమంటుంది.

ఘాట్‌లో ఎంత వేడి పుడుతుందో ఊహించడం కష్టం కాదు. 85 కిలోలు 300 మీటర్ల ఎత్తు నుంచి నిదానంగా దిగితే, గాలి సంగతి పక్కనపెడితే, బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 250 కిలోజౌళ్లు. మామూలు నీటితో నిండిన 750 మిల్లీలీటర్ల సీసాను మరిగే స్థితికి తేవడానికి ఇంతకంటే కాస్త తక్కువే చాలు. ఇక్కడ ఆ వేడంతా చేరేది వంద గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగే రెండు ఉక్కు పళ్లేలకు. గాలి తగలడానికి సమయం ఇవ్వాలి కాబట్టి దారి పొడవునా బ్రేకును రాస్తూ ఉండటం కంటే, మలుపుకు ముందు గట్టిగా నొక్కి తర్వాత పూర్తిగా వదలడం మేలు. దిగాక రోటర్ టింగ్ టింగ్ మని శబ్దం చేస్తూ చల్లబడుతుంది. కాసేపు కొంచెం రాసుకోవచ్చు కూడా. ఆ వేళ మరలు తిప్పవద్దు, రోటర్‌ను తాకవద్దు. చల్లారాక చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది.

వానాకాలంలో రోడ్డు బురదలోని ఇసుక ప్యాడ్లను గరుకు కాగితంలా అరగదీస్తుంది. మెత్తని రెజిన్ ప్యాడ్లు మరీ త్వరగా పోతాయి. లోహపు పొడితో చేసినవి ఎక్కువ కాలం వస్తాయి గానీ శబ్దం ఎక్కువ. పైగా కొన్ని రోటర్ల మీద రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని రాసి ఉంటుంది. అలాంటి దానికి లోహపు ప్యాడ్లు వేస్తే రోటరే అరిగిపోతుంది. కొత్తప్పుడు 1.8 మి.మీ. ఉండే రోటర్ 1.5 మి.మీ.కు వస్తే మార్చమని తయారీదారులు చెబుతారు.

కొత్తగా అమర్చిన బ్రేకును మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి చూసుకోవాలి. అప్పటికి ప్యాడ్లు, ఔటర్ రెండూ కొంత సర్దుకుని ఉంటాయి. లివర్ లోపలికి పోతోందనిపిస్తే ముందు కదలని ప్యాడ్ మరను ఒక మెట్టు, తర్వాత కదిలే ప్యాడ్ మరను ఒక మెట్టు తిప్పి చూడండి. అప్పటికీ తేడా ఉంటేనే అడ్జస్టర్ జోలికి వెళ్లండి. అది రెండు మూడు చుట్లకు మించి బయటికి వచ్చి కనిపిస్తే, మళ్లీ లోపలికి తిప్పేసి ప్యాడ్లను బయటికి తీసి మందం చూడండి. ఆ రోజు ఘాట్ కింద ఒక చెట్టు నీడలో నేను బయటికి తీసిన ప్యాడ్‌లో రాపిడి పొర ఒక మూల పూర్తిగా పోయి, కింది లోహపు పలక మెరుస్తోంది.